పంపు పొయ్యిల మేనేజరు

ఆయన చనిపోయిన సంగతి నాకు కాచిగూడ స్టేషన్లో తెలిసింది. ఆబిడ్స్‌లో మా దుకాణం పక్కన గడియారాలు బాగుచేసే పెద్దమనిషి ఒకాయన రైలు దిగి, పెట్టె కూలీ నెత్తికెత్తిస్తూ నన్ను చూసి ఆగాడు.

"మీ మేనేజర్ సాబ్ పోయిండు, ఎర్కేనా?" అన్నాడు.

"ఎప్పుడు?"

"పోయిన నెల. జరమొస్తే దవాఖానల శరీకు చేసిన్రట. పండుకొమ్మంటే పండుకోలేదట. లేసి వార్డు వార్డు తిరిగిండట."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రాబోయింది. ఇద్దరం ఆపుకున్నాం. కూలీ తొందరపెడుతుంటే ఆయన వెళ్లిపోయాడు. నేను ఎక్కవలసిన రైలు వచ్చింది, కాసేపు ఆగింది, కదిలిపోయింది. నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే ఉన్నాను.

ఆయన నడక అట్లాంటిది. పక్కనున్నవాళ్లకు కూడా అంటుకునేది. దుకాణంలో ఆయన కోసం వేసిన కుర్చీ మీద మేము గొడుగులు పెట్టుకునేవాళ్లం. వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే గడప దాటి బజార్లోకి వెళ్లేవాడు, బజార్లో ఎవరినో పలకరించి మళ్లీ లోపలికి వచ్చి వదిలిన మాట అందుకునేవాడు. షేర్వానీ పై గుండీ ఎప్పుడూ ఊడే ఉండేది. జేబులో పొయ్యి రంధ్రం పొడిచే సన్నటి పిన్నులు. చెయ్యి జేబులో పెట్టినప్పుడల్లా ఏదో ఒకటి గుచ్చుకునేది, వేలు నోట్లో పెట్టుకునేవాడు, కాసేపటికి మరిచిపోయి మళ్లీ పెట్టేవాడు.

నేను మెదక్ వైపు పల్లె నుంచి వచ్చినవాణ్ని. వానలు లేక సేద్యం పోయాక పట్నంలో పని వెతుక్కుంటూ ఆ దుకాణం మెట్లెక్కాను. లాంతర్లు, వత్తులు, చిమ్నీలు, వాటన్నిటికీ ముందు అద్దాల బీరువాలో మెరిసే ఇత్తడి పంపు పొయ్యిలు. అడుగున నూనె డబ్బా, పక్కన పంపు, పైన మంట. మా వైపు గ్యాసునూనె అంటాం కదా, ఆ కిరసనాయిలు పోసి, గాలి కొట్టి వెలిగిస్తే నీలం మంట గుర్రుమంటూ లేచేది. విదేశీ సరుకు. కొనాలని చాలామందికి ఉండేది గాని, ఆ గుర్రు వినగానే వెనక్కి జరిగేవాళ్లు.

ఆయన నన్ను నిలబెట్టి ఒక్కటే అడిగాడు.

"వంట వచ్చునా?"

"రాదన్నా."

"మరి పొయ్యి ఎట్ల అమ్ముతవ్ తమ్మీ?"

సరుకుల పేర్లు, ధరలు ఏమీ నేర్పలేదు. దుకాణం వెనక గదిలో అన్నం వండించాడు, పప్పు వండించాడు. మాడితే మాడిందే తినమన్నాడు. తనూ నిలబడే నాతో పాటు తిన్నాడు. తరువాత తరువాత మా దుకాణంలో అమ్మేవాళ్లందరికీ అదే పరీక్ష అయింది. ఉర్దూ బాగా వచ్చి, మాట నేర్పు ఉన్న ఒకాయన "నేను వంటోణ్ని గాదు" అని అలిగి వెళ్లిపోతే ఆయన ఆపలేదు.

అప్పట్లో పరాయి మగవాడు వంటింట్లోకి వెళ్లే వీలు ఎక్కడుంది? అందుకని ఆయన పొయ్యి పట్టుకుని ఇళ్ల అరుగుల మీద వంట పెట్టేవాడు. ఇంటివాళ్లను బియ్యం, పప్పు మాత్రం అడిగేవాడు. తలుపు సందులోంచి ఆడవాళ్లు చూసేవాళ్లు. షేర్వానీ వేసుకున్న మగవాడు ఉల్లిగడ్డ కోస్తుంటే లోపల నవ్వులు. కిచిడీ దించి గిన్నె లోపలికి పంపి, పొయ్యి అక్కడే వదిలి, "మల్లొస్త" అని వెళ్లిపోయేవాడు. మళ్లీ వెళ్లేసరికి మాటల్లేకుండానే బేరం అయిపోయేది.

అమ్మడంతో ఆయన పని అయిపోయేది కాదు. నాంపల్లి గల్లీల్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి చెవి పెట్టేవాడు. "వినవడ్తుందా? గా ఇంట్ల పొయ్యి దగ్గుతుంది." వెళ్లి తలుపు తట్టేవాడు. జేబులో పిన్ను తీసి, రంధ్రం పొడిచి, మంట సాపుగా మండేదాకా అరుగు మీద అటూ ఇటూ తిరిగేవాడు. అది మా దుకాణంలో కొన్న పొయ్యి కాకపోయినా సరే. ఒకసారి నేనన్నాను, "మనది కాదు గదన్నా, మనకెందుకు?" అని.

"కొన్నోడు మల్ల మన దుకాణం ముందటి నుంచి నడ్వాలె తమ్మీ. మొకం తిప్పుకోని పోతే మనం అమ్మినట్టు కాదు, గుంజుకున్నట్టు."

ఇది ఆయనకు ఊతపదం లాంటిది. గుంజుకున్నట్టు. మాట చెప్పేసి వేలు నోట్లో పెట్టుకునేవాడు.

అంతకు ముందు ఆయన చెయ్యని వ్యాపారం లేదు. అత్తరు అమ్మాడు, పటాలకు చట్రాలు కట్టించాడు, సైకిళ్ల దుకాణంలో ఉన్నాడు. ఎక్కడా నిలవలేదు. అమ్మడం చేతగాక కాదు. ఆయన ఒక మాట చెపితే అత్తరు వాసన పడనివాడు కూడా సీసా కొనుక్కుని పోయేవాడట. "మస్తు మంచిగ అమ్ముతుంటి. రాత్రి పండుకుంటే మాత్రం, ఇయ్యాల ఏం చేసినవురా అని ఎవలో అడిగినట్టు ఉండేది. జవాబు రాకపోయేది" అన్నాడొకసారి. పబ్లిక్ గార్డెన్ గోడ వెంట నడుస్తున్నాం. నేను మరి పొయ్యిల్లోకి ఎందుకొచ్చినవని అడిగాను. 

"చిన్నప్పుడు మా అమ్మ పొద్దుమాపు ఏడుస్తదనుకునేటోన్ని. పచ్చికట్టెల పొగ అని పెద్దగైనంక తెల్సింది" అన్నాడు. అంతే. వెంటనే ఎదురుగా వస్తున్న ఎవరినో చూసి రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాడు.

దుకాణం యజమాని, మేమంతా సావుకారు అనేవాళ్లం, మనిషి చెడ్డవాడు కాదు. గంధపు బొట్టు, మెత్తని మాట. ఆయన వల్ల దుకాణానికి పేరొచ్చిందని తెలిసి ఆయన్ను మేనేజరును చేశాడు. ఆ కుర్చీ అప్పుడు వేయించిందే. మేనేజరైనా ఆయన ఎవరికీ ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పినట్టు గుర్తులేదు. పొద్దున దుకాణం తెరవగానే ఒక్కొక్కరినీ, "నిన్న నువ్వు అమ్మిన ఇంట్ల ఇయ్యాల ఏం వండిన్రు?" అని అడిగేవాడు. తెలియకపోతే వెళ్లి కనుక్కుని రావాలి. మొదట్లో మాకు అది చాదస్తంగా ఉండేది. రాను రాను, ఎవరింట్లో ఏం వండారో చెప్పుకోవడం మాకే సరదా అయింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక విదేశీ సరుకు రావడం తగ్గింది, తరువాత ఆగింది. సావుకారు ఎక్కడో వాకబు చేసి, బొంబాయి అవతల ఎవరో చిన్న కార్ఖానాలో చేసిన పొయ్యిలు తెప్పించాడు. చూడటానికి అచ్చం పాతవాటి లాగే ఉన్నాయి. ఇత్తడి ఇంకా ఎక్కువ మెరిసింది. చేతికి కొంచెం తేలిగ్గా ఉన్నాయని ఆయన ఒకటి రెండుసార్లు అన్నాడు. కాని జనం అడుగుతున్నారు, బీరువా ఖాళీగా ఉంది, అమ్మాం. ఆయనే అరుగు మీద వండి చూపించి మరీ అమ్మాడు.

ఒక పగటిపూట నాంపల్లి నుంచి ఒక బడిపంతులు పరుగున వచ్చాడు. చేతిలో ఏమీ లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. "పొయ్యి పగిలింది. మా ఇంటామె చెయ్యి కాలింది" అని మాత్రం అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఆయన అట్లాగే పంతులు వెంట దవాఖానకు వెళ్లాడు.

తిరిగి వచ్చినప్పుడు మొహంలో నెత్తురు లేదు. వెనక గదిలో గంగాళం నిండా నీళ్లు పోయించాడు. బీరువాలో ఉన్న కొత్త పొయ్యి ఒకటి తెచ్చి, దాని ఖాళీ నూనె డబ్బాలోకి గాలి కొట్టి నీళ్లలో ముంచాడు. అతుకు వెంట చిన్న చిన్న బుడగలు లేచాయి. ఇంకొకటి ముంచాడు. దానికి రాలేదు. మరొకటి. దానికి మళ్లీ బుడగలు. మేమంతా ఆ నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాం.

సావుకారు వచ్చి చూశాడు. "గాలి ఎక్కువ కొట్టిందేమో ఆమె. తెల్వనోళ్ల చేతిల ఏదైనా పగులుతది" అన్నాడు.

"ఎంత కొట్టాల్నో ఆమెకు నేర్పింది నేనే."

"ఒక్కటి పగిలితే అన్ని పగులుతయా?"

"ఎన్ని పగిలితే నమ్ముతవు సావుకారీ?"

సావుకారు గొంతు తగ్గించాడు. "మిగిలిన సరుకు అమ్మొద్దు, వాపస్ పంపుదం. గది సరే. అమ్మినయి అమ్మినయే. ఇంటింటికి పోయి మా పొయ్యి ఖరాబు అని చెప్తవా? రేపు వత్తి కొననీకి కూడ ఎవ్వడు రాడు. దుకాణం మీద నువ్వొక్కనివే బత్కుతలేవు."

ఆ మాట అబద్ధం కాదు. మేమంతా దాని మీదే బతుకుతున్నాం. ఆయన మా వైపు చూశాడు. ఎంతో తిరిగే ఆ మనిషి ఆ కాసేపు కదల్లేదు. తరువాత నాతో, "తమ్మీ, వస్తవా?" అన్నాడు. వెళ్లాను.

ఎవరింటికి అమ్మామో కాగితాలు తిప్పే పని లేకపోయింది. ఏ అరుగు మీద ఏం వండాడో ఆయనకు గుర్తే. ఇది పెసరపప్పు ఇల్లు, ఇది చాయ్ ఇల్లు, ఇది ఉప్మా మాడిన ఇల్లు. ఒక్కో ఇంటి ముందు ఒకటే మాట: "మేమిచ్చిన పొయ్యిల లోపమున్నది. పట్టుకపోయి మంచిగ చేసి తెస్తం. గందాంక ముట్టియ్యొద్దు." కొందరు భయపడి వెంటనే ఇచ్చేశారు. ఒకాయన, "తెల్సి అమ్మి ఇప్పుడు దేవునోలె వచ్చినవా?" అని తిట్టి తలుపేసుకున్నాడు. ఇంకో ఇంట్లో మేము దుకాణం వదిలేసి పొయ్యిలు కాజేస్తున్న దొంగలమనుకున్నారు. తిట్టినచోట ఆయన ఎదురు చెప్పలేదు. మూసిన తలుపు ముందు నిలబడి, గట్టిగా, లోపలివాళ్లకు వినిపించేటట్టు అదే మాట మళ్లీ చెప్పి కదిలేవాడు.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒక ఇల్లు. ఒకటే గది, కిటికీ లేదు. ఇంటాయన రైల్వేలో పని, ఇంట్లో లేడు. ఇంటామె, ముప్ఫై దాటని మనిషి, విషయం విని పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"నేనియ్య" అంది.

"పగులుతదక్కా. ఒకామెకు చెయ్యి కాలింది."

"కాలితే కాలనీ. ఈ గదిల కట్టెల పొయ్యి ముట్టిస్తే నాకు దమ్ము రాదు. పోయిన వానకాలం ఎట్లెల్లదీసిన్నో నాకెర్క. నువ్వే గదా మా అరుగు మీద వండి చూపిచ్చినవ్. ఇగ నీకు పొగ లేదక్కా అన్నవ్. అన్నవా లేదా?"

"అన్న."

"మరిప్పుడు గుంజుకుంటవా?"

ఆ మాట ఆమె ఎట్లా అందో, ఎందుకందో. ఆయన మెడ మీద ఎవరో కొట్టినట్టు తల వంచాడు. చివరికి, "జర ఆగు అక్కా. అప్పటిదాంక ముట్టియ్యకు. నా మీద ఒట్టు" అని గల్లీలోకి దాదాపు పరుగెత్తాడు. వెనక నేను.

ఆయన ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. వాళ్లింట్లో పాత విదేశీ పొయ్యి ఉంది. మేము వెళ్లేసరికి దాని మీద పప్పు ఉడుకుతోంది. ఆయన గడప అవతలి నుంచే విషయమంతా గబగబా చెప్పి, "దించు, పట్టుకపోవాలె" అన్నాడు భార్యతో.

వదినె గరిటె పక్కన పెట్టి ఆయన్ను ఎగాదిగా చూసింది. "మరి నేను దేని మీద వండాలె?"

"కట్టెల మీద. కొన్నొద్దులు."

"నా కండ్లు కండ్లు కావా?"

ఆమె పప్పు మీద మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది.

"పప్పన్న ఉడకనియ్యి. గందాంక ఆగుతదా నీ ధర్మం?"

ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఆయన కూర్చోవడం నేను అప్పుడే చూశాను. నేనూ పక్కన కూర్చున్నాను. గదిలో ఆ గుర్రు తప్ప వేరే చప్పుడు లేదు. మంట మీద ఆయన చూపు, ఆయన మీద వదినె చూపు. ఉడికాక ఆమే గాలి తీసి మంట ఆర్పింది, తడిబట్టతో ఇత్తడంతా తుడిచింది, కొంగు చివర పట్టుకుని పొయ్యి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "ఆమెకు చెప్పు, పిన్ను ఎడమ దిక్కు నుంచి పొడ్వాలె. దీనికి జర నఖరాలున్నయి" అంది.

రైల్వే ఆయన భార్య పొయ్యి తీసుకుంది. దండం పెట్టలేదు, మెచ్చుకోలేదు. వెలిగించి, మంట చూసి, అప్పుడు తనది జరిపి మా వైపు తోసింది. ఆయన మొహం తేలికపడింది.

తెచ్చిన పొయ్యిలన్నీ నాంపల్లిలో బిందెలకు మాటువేసే ఒక ముసలాయన దగ్గర దించాం. అతుకులు విప్పి మళ్లీ గట్టిగా వేయడం, నీళ్లలో ముంచి చూడటం, బుడగ వస్తే మళ్లీ వేయడం, రాకపోతే ఎవరిది వాళ్లింటికి చేర్చడం. ఖర్చు ఆయన జీతంలోంచే. దుకాణంలో ఆయన జీతం కూడా అంతటితో సరి అయింది. సావుకారు పిలిచి, "నువ్వు ఖరాబు చేసిన పేరు బాగుచేసుడు నాతోని కాదు" అన్నాడు. తిట్టలేదు. సావుకారు కళ్లలో నీళ్లు తిరిగాయని నాకు అనిపించింది. కొన్నాళ్లకు ఆ బీరువాలో పింగాణీ సామాను వచ్చింది.

కథల్లో అయితే ఇక్కడ జనమంతా ఆయన్ను వెతుక్కుంటూ రావాలి. రాలేదు. పగిలే పొయ్యిలు అమ్మినవాడన్న పేరే చాలాకాలం ఆయన వెంట తిరిగింది. ఆబిడ్స్‌లో ఏ దుకాణంలోనూ పని దొరకలేదు. పంతులు భార్య చేతి మీద మచ్చ పోలేదు. ఆ ఇంటికి ఆయన పండ్లు తీసుకుని వెళితే పంతులు లోపలికి రమ్మనేవాడు గాని, ఆమె తలుపు చాటు నుంచి బయటికి వచ్చేది కాదు. బయటికి వచ్చాక ఆయన చాలా వేగంగా నడిచేవాడు. నేను అందుకోలేకపోయేవాణ్ని.

"తమ్మీ, నేను అమ్మకపోతే ఆమె చెయ్యి మంచిగుండు" అన్నాడొకరోజు.

"నువ్వు అమ్మకపోతే రైల్వే ఆయన ఇంటామెకు దమ్ము ఆడకపోవు."

"రెండు నేనే చేసిన గద. ఏది పట్టుకోని పండుకోవాలె?"

అడిగేసి మళ్లీ నాకు అందకుండా ముందుకు నడిచాడు.

యుద్ధం ముదిరి గ్యాసునూనె దొరకడమే గగనమైంది. మంచి పొయ్యిలున్నవాళ్లు కూడా వాటిని అటక ఎక్కించారు. ఊరంతా మళ్లీ కట్టెలు, మళ్లీ పొగ. ఆ రోజుల్లో ఆయన్ను చూస్తే కాలుగాలిన పిల్లి గుర్తొచ్చేది. కోఠి, గౌలిగూడ, ఎక్కడ పడితే అక్కడ తిరిగేవాడు. అట్లా తిరుగుతూ ఒక కోత మిల్లు ముందు గుట్టలుగా పారబోసిన రంపపు పొట్టు చూశాడు. ఎవరో దూరపు ఊళ్లో రేకు డబ్బాలో పొట్టు కూరి వంట చేస్తారని విన్నాడట. మాటువేసే ముసలాయన్ను కూర్చోబెట్టుకుని రేకుతో పొట్టు పొయ్యి చేయించడం మొదలుపెట్టాడు. మధ్యలో కట్టె నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టంగా కూరి, కట్టె లాగేస్తే ఆ రంధ్రంలో మంట నిలుస్తుంది. మొదటిది పొగతో ఇల్లంతా నింపింది. తరువాతది ఆరిపోయింది. రేకు ఎంత మందం ఉండాలి, అడుగున గాలికి సందు ఎంత ఉండాలి అని చేసి, పడేసి, మళ్లీ చేయించి. ప్రతిదీ ముందు వదినె వండాలి. ఆమె సరేనంటేనే బయటికి పోవాలి. ఆమె సరేననడానికి చాలా రోజులే పట్టింది.

నాంపల్లిలో ఒక చిన్న మలిగె కిరాయికి తీసుకున్నాడు. ముసలాయన, ఆబిడ్స్ దుకాణం వదిలొచ్చిన నేను, ఇంకొకతను. పేరు బోర్డు పెట్టలేదు. పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూసేటట్టు గడప ముందే పొయ్యి మండుతుండేది, దాని మీద ఏదో ఒకటి ఉడుకుతుండేది. మెల్లగా అమ్ముడుపోయాయి. ధనవంతుడు కాలేదు గాని మా ముగ్గురికీ జీతం ఇచ్చాడు. నేను తరువాత నౌకరీ దొరికి వెళ్లిపోయాను. చెప్పడానికి వెళితే, "మంచిది. గాడ కూడ వంట మర్వకు" అన్నాడు. ఆ తరువాత చూసింది తక్కువ.

రైలు తప్పిన మరుసటి రోజు నాంపల్లి వెళ్లాను. మలిగె మూసి ఉంటుందనుకున్నాను. తెరిచే ఉంది. వదినె పీట మీద కూర్చుని రేకు డబ్బాకు గాలి సందు చూస్తోంది. పక్కన ఆ ముసలాయన, ఇంకా ముసలివాడై.

"ఎప్పుడొచ్చినవ్? కూసో" అంది, ఏమీ జరగనట్టు. కాసేపటికి తనే చెప్పింది. "దవాఖానల పక్క మంచపోని ఇంట్ల ఏం వండుతరో, దేని మీద వండుతరో అంత అడిగి తెల్సుకున్నడు. లేవకుర్రి అని డాక్టర్ కోప్పడ్డడు. నేను ఊకున్న. ఎన్నడు కూసున్నడని."

"దుకాణం ఎవరు చూస్తున్నరు వదినె?"

"చూస్తలేనా?" అంది.

ఇంతలో ఒకాయన వచ్చాడు. మంచి బట్టలు, చేతిలో సంచీ. ఒక పొయ్యి కావాలన్నాడు. వరుసలో ముందున్నది చూపించి, ఇదే ఇవ్వమన్నాడు. వదినె లేవలేదు.

"ఇంట్ల వండేది ఎవలు?"

"మా ఇంటామె. ఎందుకు?"

"ఆమెను తోల్కరా. నువ్వు చూసి కొనుడేంది?"

"నేను పైసలిస్తున్న గదమ్మా."

"పైసలు నువ్వియ్యి. పొయ్యి ఆమె చూస్తది."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. ముసలాయన కూడా అట్లాగే అనుకున్నట్టు తల ఆడించాడు. వదినె రేకు పనిలో పడింది.

పొద్దు వంగుతుండగా ఆయన మళ్లీ వచ్చాడు. వెనక కొంగు తల మీదికి లాక్కున్న సన్నటి మనిషి. సిగ్గుపడుతూ గడప దగ్గరే నిలబడింది. వదినె ఒక పొయ్యి ఆమె ముందుకు జరిపింది. ఆమె వంగి రెండు చేతులతో అంచు పట్టుకుని చూసింది, అటూ ఇటూ ఊపి చూసింది, భర్త వైపు ఒకసారి చూసి, మళ్లీ వదినె వైపు తిరిగింది.

"మేం ఎనమండుగురం. మా అన్నం గంజు దీని మీద నిలవది" అంది.

"ఎంతుంటది మీ గంజు?"

ఆమె చేతులు చాపి కొలత చూపింది. చేతులు అట్లాగే చాపి నిలబడి ఉంటే, ముసలాయన లేచి వెళ్లి, పుల్ల ఒకటి పట్టుకుని ఆ ఎడం కొలిచాడు.